సర్వర్లు రెండయ్యాయి, లాగిన్ నిలవడం లేదు

కోటగుమ్మం:
విజయనగరంలో ఒక కాలేజీకి ఫీజుల సైటు చూస్తున్నాను. పీహెచ్‌పీలో రాసింది. ఆఖరి తేదీ దగ్గర పడితే సర్వరు కూర్చుండిపోతోందని రెండోది తెచ్చి, వచ్చేవాళ్లని రెండింటికీ పంచడానికి ముందు బ్యాలెన్సర్‌గా ఎన్‌జినెక్స్ పెట్టాను. అప్పట్నుంచి పిల్లలు లాగిన్ అయి రెండో పేజీకి వెళ్లేసరికి మళ్లీ లాగిన్ అడుగుతోంది. టైమ్‌అవుట్ పెంచితే సరిపోతుందా? ఫోన్ల మీద ఫోన్లు, టెన్షన్‌గా ఉంది.

రాజాం_రోడ్డు:
టైమ్‌అవుట్ కాదు తమ్ముడూ. పీహెచ్‌పీ మామూలుగా సెషన్‌ని, అంటే ఎవరు లాగిన్ అయ్యారన్న గుర్తుని, ఆ సర్వరు డిస్కులోనే ఫైలుగా రాసుకుంటుంది. ఎన్‌జినెక్స్ ఏమో వంతులవారీగా పంపుతుంది. లాగిన్ ఒకటో దాంట్లో, తర్వాతి క్లిక్కు రెండో దాంట్లో. దానికి మీ పిల్లాడెవరో తెలీదు. ఇవాళ్టికి ఎన్‌జినెక్స్ సెట్టింగుల్లో సర్వర్ల జాబితా ఉండే అప్‌స్ట్రీమ్ బ్లాకులో ఐపీ_హాష్ అని ఒక్క లైను పెట్టి రీలోడ్ చెయ్, ఒకే ఐపీ నుంచి వచ్చినవాళ్లు ఒకే సర్వరుకి వెళ్తారు.

కోటగుమ్మం:
పెట్టాను అన్నా. ఫోన్లు తగ్గాయి. కానీ ఒకటో సర్వరు రొప్పుతోంది, రెండోది ఖాళీగా కూర్చుంది. ఇదేటి?

నాగావళి_ఒడ్డు:
ల్యాబులన్నీ ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటాయి కదా, అందరూ ఒకే సర్వరుకి వెళ్తారు. వైఫై వదిలి ఫోన్ డేటాకి మారినవాడికి సర్వరు మారిపోవచ్చు కూడా. మేం శ్రీకాకుళంలో అలాంటి బ్యాలెన్సరే అయిన హెచ్ఏప్రాక్సీ పెట్టి, ఏ సర్వరో బ్రౌజరుకి కుకీ (బ్రౌజరు దాచుకునే గుర్తు చీటీ) కట్టి పంపాం. బరువు సమంగా పడింది.

పలాస_పప్పు:
మేమూ అలాగే చేశాం, జీడిపప్పు ఆర్డర్ల సైటుకి. రెండు మెషీన్లూ ఆఫీసులోనే. ఓ మధ్యాహ్నం కరెంటు పోతే యూపీఎస్ ఒకదాన్నే మోసింది. పడిపోయినదానికి అతుక్కున్నవాళ్లని హెచ్ఏప్రాక్సీ రెండో దానికి పంపింది గానీ, వాళ్ల సెషన్లు పడిపోయినదాంట్లోనే ఉండిపోయాయి. బస్తాల లెక్క సగం కొట్టినవాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ వారమే సెషన్లన్నీ రెండు సర్వర్లూ కలిసి చదివే రెడిస్ అనే డేటా స్టోర్‌కి మార్చాం. ఇప్పుడు ఏ సర్వరుకి వెళ్లినా ఒకటే. ఆ రెడిస్ పడితే అందరూ పోతారు, అది వేరే గొడవ.

బొబ్బిలి_వీణ:
టైమ్‌అవుట్ సంగతి కూడా ఒకటుంది. పీహెచ్‌పీలో సెషన్ ఎంతసేపు ఉంచాలో చెప్పే జీసీ_మ్యాక్స్‌లైఫ్‌టైమ్ మామూలుగా 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలే. నేను కోడ్‌లో ఇని_సెట్‌తో మూడు గంటలు పెట్టినా సెషన్లు పోయేవి. ఉబుంటులో పాత ఫైళ్లు ఊడ్చే క్రాన్ (వేళకి తనంతట తనే నడిచే పని) పీహెచ్‌పీ డాట్ ఇనీ అనే సెట్టింగుల ఫైల్లో ఉన్నదే చదువుతుంది, కోడ్‌లో రాసింది దానికి కనపడదు. రెండు రోజులు పోయాయి నాకు.

కోటగుమ్మం:
రెడిస్‌కి మార్చాను, రెండు సర్వర్లలోనూ ఇనీలోనే గంట పెట్టాను. అంతా బాగుంది, ఒక్కటి తప్ప. డబ్బు కట్టి తిరిగొస్తే మళ్లీ లాగిన్ పేజీ! రసీదు లేదని పిల్లలు రెండోసారి కడుతున్నారు. నేను చేస్తే మాత్రం బాగానే వస్తోంది.

నాగావళి_ఒడ్డు:
పేమెంట్ గేట్‌వే పోస్ట్ రిక్వెస్టుతో (ఫారం నింపి పంపినట్టు) వెనక్కి పంపుతోందా? అయితే బ్యాలెన్సర్ తప్పేం లేదు. సేమ్‌సైట్ (వేరే సైటు నుంచి వచ్చేటప్పుడు కుకీ వెళ్లాలా వద్దా అనే సెట్టింగు) రాయని కుకీని క్రోమ్ 2020 నుంచి ల్యాక్స్‌గానే చూస్తోంది. బయటి సైటు నుంచి వచ్చే పోస్ట్‌కి ఆ కుకీ తోడు రాదు. పుట్టి రెండు నిమిషాలు దాటని కుకీని మాత్రం చూసీచూడనట్టు వదిలేస్తుంది. నువ్వు చకచకా కట్టేసి ఉంటావు, పిల్లలు ఓటీపీ కోసం నాన్న ఫోన్ వెతుక్కుంటారు. పైగా ఆ పేజీలో సెషన్_స్టార్ట్ (సెషన్ మొదలుపెట్టే లైను) ఉంటే కొత్త కుకీ రాసి పాతదాన్ని చెరిపేస్తుంది. అక్కడ అది తీసెయ్. ఆర్డర్ నంబరు, గేట్‌వే పంపిన డిజిటల్ సంతకం సరిచూసుకుని రసీదు పేజీకి రీడైరెక్ట్ చెయ్. ఆ గెట్‌కి (లింకు నొక్కినట్టు మామూలుగా పేజీ తెరవడానికి) కుకీ వస్తుంది.

రాజాం_రోడ్డు:
ఇది నాకూ తెలీదు. కుకీకి సేమ్‌సైట్ నన్ (ఏ సైటు నుంచి వచ్చినా పంపు అని), సెక్యూర్ అని పెట్టేసి ఊరుకున్నాను ఇన్నాళ్లూ.

కోటగుమ్మం:
గురువుగారూ, పట్టేశారు! నిన్న రాత్రి కావాలనే అయిదు నిమిషాలు ఆగి ఓటీపీ కొట్టాను, రసీదు వచ్చింది. మధ్యలో ఒకటో సర్వరు ఆపాను, లాగిన్ కదల్లేదు. ఐపీ_హాష్ లైను కూడా తీసేశాను. రెండుసార్లు కట్టినవాళ్ల లిస్టు అకౌంట్స్ మేడమ్ రేపటికల్లా ఇమ్మన్నారు, ఇప్పుడు ఆ పని మీద కూర్చున్నాను.