వానపాములు తొట్టె మూతకు ఎగబాకుతున్నాయి, మేత ఎలా వేయాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
అందరికీ నమస్కారం. మా వెనుక వసారాలో, అడుగున రంధ్రాలున్న ప్లాస్టిక్ తొట్టెలో వానపాములను పెంచుతున్నాము. కూరగాయల తొక్కలు, వడగట్టిన టీ పొడి, మిగిలిన అన్నం, ఈ రోజుల్లో పనస పిప్పి కూడా అందులోనే వేస్తున్నాము. వానలు పట్టినప్పటి నుంచి పుల్లటి వాసన వస్తోంది. తెల్లవారేసరికి పాములు గుంపులుగా మూత లోపలి వైపున అతుక్కుని ఉంటున్నాయి. మేత ఎక్కువవుతోందా, లేక ఈ మేతే వాటికి పడడం లేదా? ఎలాగైనా వాటిని బతికించుకోవాలని ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (రాయగడ నుంచి)
మేత సంగతి కంటే ముందు గాలి సంగతి చూడండి. వానపాముకు ఊపిరితిత్తులు లేవు, తడి చర్మం గుండానే ప్రాణవాయువును తీసుకుంటుంది. అన్నం ముద్దకట్టి, దాని మీద పనస పిప్పి పేరుకుని, లోపలికి గాలి ఆడకపోతే ఆ పదార్థం పులిసి వేడెక్కుతుంది. దానికి ఓర్వలేకనే పాములు పైకి పాకుతాయి. ఈరోజే ఆ ముద్దను తీసివేసి, ఎండుటాకులు, కొబ్బరి పీచు, చింపిన అట్టముక్కలు ధారాళంగా కలపండి. గునపాలూ తాపీలూ వద్దు, చేతితోనే గుల్ల చేయండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు.

వానపాముకు పళ్లు లేవు. కుళ్లి మెత్తబడిన పదార్థాన్ని, దానిపై పెరిగిన సూక్ష్మజీవులతో సహా మింగుతుంది. అందుకే తొక్కలను సన్నగా తరిగి ఒక మూలన పూడ్చి, అవి గుర్తుపట్టలేనంతగా మారిన తరువాతనే మరో మూలన వేయాలి. కుదురుకున్న తొట్టెలో అర కిలో పాములుంటే రోజుకు పావు కిలో మేతే గరిష్ఠమని నా లెక్క. మీకు ప్రస్తుతం అంత కూడా వద్దు. ఎండబెట్టి పొడి చేసిన గుడ్డు పెంకులు చల్లితే పులుపు తగ్గుతుంది, వాటి కడుపులో మేత నలగడానికీ పనికివస్తుంది.

జవాబు (బరంపురం నుంచి)
ఉప్పు, నూనె తగిలిన కూరలు, ఊరగాయ అడుగులు, నిమ్మ తొక్కలు వేయకండి. ఉప్పు వాటి ఒంట్లోని నీటిని లాగేస్తుంది. చేప ముళ్లు వేస్తే ఎలుకలు వస్తాయి. టీ పొడిలో చక్కెర ఉంటే కడిగి వేయండి, లేకుంటే చీమలు పడతాయి.

జవాబు (గుణుపురం నుంచి)
పాములు ఏ జాతివో అమ్మినవారిని అడగండి. ఐసీనియా ఫెటిడాకు 15 నుంచి 25 డిగ్రీలు హాయి, 35 దాటితే ప్రాణాపాయం. కనుక మన వేసవిలో తొట్టెను నీడన ఉంచి, తడి గోనె సంచి కప్పక తప్పదు. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే వేడిని కాస్త మెరుగ్గా తట్టుకుంటుంది కానీ, కొరాపుట్ వైపు చలికి నీరసిస్తుంది. మన నేలల్లోనే ఉండే పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ అయితే కొద్దిపాటి అలజడికే తొట్టె దాటిపోతుంది. తొట్టె కుదుటపడే వరకు రాత్రిళ్లు పైన చిన్న బల్బు వెలిగించండి. వెలుతురుకు జంకి అవి లోపలే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు (పర్లాకిమిడి)
అందరికీ కృతజ్ఞతలు. ముద్దను తీసి చూస్తే అంచులలో నిమ్మకాయ ఆకారంలో, ఆవగింజ కంటే కాస్త పెద్దవిగా, లేత పసుపు గింజలు కనిపించాయి. వాటిని పారవేయాలా?

జవాబు (రాయగడ నుంచి)
పారవేయవద్దు, అవి గుడ్ల సంచులు. ఒక్కొక్క దానిలోంచి రెండు మూడు పిల్లలు రావచ్చు. పొదిగే వేళకు రంగు ముదిరి ఎర్రబడతాయి. పులిసిన ముద్దను వదిలించి, వాటిని ఆకుల పొర కింద, మేత వేయని మూలన ఉంచండి.