హేవలాక్ వంతెన ఫోటో మీద చేత్తో గీసిన రైలు అతకట్లేదు

గోదారిగట్టు:
నమస్తే అండి. మాది రాజమండ్రి. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన, గోదావరి మీది హేవలాక్ రైలు వంతెన మీద మళ్లీ ఒక పొగబండిని నడిపించాలని కోరిక. బొమ్మలోనే లెండి. పొద్దున ఏడింటికి ఘాట్ మెట్ల మీద నిలబడి ఫోన్‌తో వంతెన ఫోటో తీశాను. ఇంజను, పెట్టెలు మాత్రం ఏ4 కాగితం మీద పాళీతో, ఇండియన్ ఇంక్‌తో గీశాను. స్కాన్ చేసి, క్రిటా అనే బొమ్మలేసే సాఫ్ట్‌వేర్‌లో రంగులేసి ఫోటో మీద పెట్టాను. దేనికది చూస్తే బానే ఉంది. కలిపితే మాత్రం స్టూడియో తాజ్‌మహల్ తెర ముందు నిలబడ్డ కొత్త జంటలా ఉంది. పైగా మల్టిప్లై (పై బొమ్మని కింది ఫోటోతో ముదురుగా కలిపే పద్ధతి) పెడితే తెల్ల కాగితం పోయింది గానీ, ఇంజనులోంచి ఆకాశం కనిపిస్తోంది! ఫోటోని బొమ్మలా మార్చేసే ఫిల్టర్లు వద్దు. గీత గీతలాగే, వంతెన వంతెనలాగే ఉండాలి. ఏం చేయమంటారు?

లేయర్‌బాబు:
ఆకాశం కనిపించడం తేలిగ్గా పోతుందండి. మల్టిప్లైలో తెలుపు మాయమవుతుంది కాబట్టి, గీతల లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే పారదర్శక పొర లాంటిది) కింద ఇంకో మామూలు లేయర్ తెరిచి, రైలు ఆకారం మొత్తం ఒక బూడిద రంగుతో నింపేయండి. రంగులన్నీ దాని మీదే వేయండి. ఇక ఆకాశం రాదు. స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయండి, ఏ4కి సుమారు 4960×7016 పిక్సెళ్లు వస్తాయి. కాగితం నిండా గీసిన రైలుని ఫోటోలో వేలెడంత చేస్తే పాళీ గీతలు వెంట్రుకల్లా అయిపోతాయి. ఫోటోలో రైలు ఎంత ఉండాలో ముందు చూసుకుని, దానికి తగ్గ సైజులో గీయడం మేలు.

పాత స్టూడియో:
బాబూ, నేను ఫిల్ము రోజుల్లో టచప్ పని చేసినవాణ్ని. పెన్సిల్ ములుకుని గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, నెగెటివ్ మీద మొహాల మచ్చలు కప్పేవాళ్లం. ఫోటో మీద చెయ్యి పడటం మీ కంప్యూటర్లతో మొదలవలేదు, రంగులద్దిన పెళ్లి ఫోటోలు పాత ఇళ్ల గోడల మీద ఇంకా ఉన్నాయి.

లేయర్ల సంగతి ఆ అబ్బాయి చెప్పాడు. అసలు తంటా వెలుతురుది. పొద్దున ఏడింటికి నువ్వు పడమట అవతలి గట్టున ఉన్న కొవ్వూరు వైపు చూస్తుంటే సూర్యుడు నీ వీపు వెనకాల ఉంటాడు. ఆ వెలుగులో నీకు ఎదురుగా ఉన్నదంతా చదునుగా, నీడలు లేకుండా కనిపిస్తుంది. పాళీతో గీసేవాడు ఊరుకుంటాడా? పెట్టెల పక్కన, చక్రాల కింద దట్టంగా అడ్డగీతలు వేస్తాడు. నీడ లేని ఫోటోలో నీడలున్న రైలు. అందుకే అతకట్లేదు.

రైలుని మార్చొద్దు, ఫోటో మళ్లీ తియ్యి. సాయంత్రం వెళ్లు. పొద్దు కొవ్వూరు వైపు వాలుతుంటే వంతెన నల్లగా తేలిపోతుంది. ఆ నలుపుకి ఇంకు నలుపు ఇట్టే కలుస్తుంది. గీసిన బొమ్మకి తగ్గట్టు ఫోటో తీసుకోవాలి గానీ, దొరికిన ఫోటోలో బొమ్మని ఇరికించకూడదని నా పట్టుదల. కాదనేవాళ్లుంటే వాదించండి, వింటాను.

ఇంకోటి. ఫోన్ మామూలు లెన్సు వెడల్పుగా చూస్తుంది, పైకెత్తితే స్తంభాలు లోపలికి వాలతాయి. వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ పెట్టి, ఫోన్ నిటారుగా పట్టుకో. నీ బొమ్మలో చూపు ఏ ఎత్తులో ఉందో, ఫోటోలోనూ అదే ఎత్తు రావాలి. రైలు పెట్టెల పైకప్పులు కనిపించేలా గీశావనుకో, మెట్ల మీద కూర్చున్నవాడికి అవి కనిపించవు.

నీళ్లలో ప్రతిబింబం కోసం రైలుని తలకిందులు చేసి అతికించకు. నీళ్లు కింది నుంచి చూసినట్టు చూపిస్తాయి, చక్రాల అడుగుభాగం ఎక్కువ కనిపించాలి. అది విడిగా గీయాల్సిందే. పైగా వరదల రోజుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు తీస్తే ప్రతిబింబం సరిగా నిలవదు.

మీ ఊళ్లోనే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది కదా. 28 ఏళ్లు నిండకుండానే, 1925లో పోయాడు మహానుభావుడు. ఒక పూట వెళ్లి ఆయన రంగులు చూసి రా, కంప్యూటర్లో రంగులు ఎంచుకునే కలర్ పికర్ కంటే ఎక్కువ నేర్పుతాయి.

గోదారిగట్టు:
గురువుగారూ, పైకప్పుల మాట నిజమే, నాలుగు పెట్టెలకీ గీసేశాను! సరే, సాయంత్రం వెళ్తాను. కానీ పొగ ఎలా? నల్ల ఇంకుతో గీస్తే తుఫాను మబ్బులా ఉంది. బ్రష్‌తో వేస్తే ప్లాస్టిక్‌లా ఉంది.

లేయర్‌బాబు:
పొగ కాగితం మీదే చేయండి. తెల్ల కాగితం మీద బొగ్గుతో రాసి, వేలితో పులమండి. స్కాన్ చేసి ఇన్వర్ట్ (నలుపు తెలుపులు తారుమారు) కొట్టండి, నలుపు మీద తెల్ల పొగ వస్తుంది. లేయర్‌ని మల్టిప్లైకి తిరగేసినట్టుండే స్క్రీన్ మోడ్‌లో పెడితే నలుపు పోయి పొగే మిగులుతుంది. బొగ్గు రేణువులు కనిపిస్తాయి కాబట్టి ప్లాస్టిక్‌లా ఉండదు. అన్నీ అయ్యాక పైన ఒక లేయర్‌లో కొంచెం నాయిస్ (ఇసుక చల్లినట్టుండే సన్న చుక్కలు) వేస్తే గీతకీ ఫోటోకీ ఒకే గరుకుదనం వస్తుంది. ఎక్కువ వద్దు.

పాత స్టూడియో:
పొగ అంచుల్లో సూర్యుడి రంగు తగలాలి, మధ్యలో కాదు. ఎండ ఎదురుగా ఉన్నప్పుడు అంచులే వెలుగుతాయి. గాలి ఎటు వీస్తోందో ఆ రోజు నీళ్ల మీద అలలు చూసి రాసుకో, పొగ అటే వాలాలి.