సమస్యాపూరణం: మొద్దు కన్నెత్తి చూచెను, మోడు నవ్వె

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఇది. దీన్ని చివరి పాదంగా ఉంచి పై మూడు పాదాలు మీరు రాయాలి. ఛందస్సు తేటగీతి.

"మొద్దు కన్నెత్తి చూచెను, మోడు నవ్వె"

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. గణమంటే గురువులూ (సాగదీసి పలికేవి) లఘువులూ (పొట్టిగా పలికేవి) కలిసిన అక్షరాల గుంపు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు ఉంటాయి. మొదటి గణం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని పోలిక, కుదరాలి. ఇక్కడ "మొ"కి "మో". ప్రాస నియమం లేదు, యతికి బదులు రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేసుకోవచ్చు.

సమస్య ఇలా ఎందుకు ఇచ్చానంటే, చీకట్లో తాడును చూసి పాము అనుకోవడం వేదాంతులకు పాత ఉదాహరణ. నాకు సమస్యాపూరణమూ అలాంటిదే అనిపిస్తుంది. ఇచ్చిన పాదం దూరం నుంచి చూస్తే వింత జంతువులా ఉంటుంది, మొద్దేమిటి, చూడటమేమిటి అని. పైన మూడు పాదాల దీపం పెడితే అది తాడే అని తేలాలి. పాము పోవాలి గానీ, పామును చూసినప్పటి ఉలికిపాటు మాత్రం పోకూడదు. అక్కడే ఉంది తంటా. ఇక కానివ్వండి.

మిణుగురు:

చేతి దీపము పడినంత చెట్టు తొఱ్ఱ
గూబ కన్నులు నిప్పుల గుండములుగ
వెలిగె, గాలికి కొమ్మలు వెక్కిరించ
మొద్దు కన్నెత్తి చూచెను, మోడు నవ్వె

నిర్వాహకుడు:

మిణుగురు గారూ, బోణీ బాగుంది. తొర్రలో గూబను పెట్టి మొద్దుకు కళ్ళు ఇచ్చారు, కొమ్మల ఊపుతో మోడుకు నవ్వు ఇచ్చారు. రెండింటికీ కారణం దొరికింది. ఒక్క సవరణ. "వెక్కిరించ" వ్యావహారికం. పద్యంలో "వెక్కిరింప" అనాలి. గణాలు మారవు.

పాలపిట్ట:

అడ్డొస్తున్నందుకు ఏమనుకోకండి. గూబ కన్నెత్తదండీ. దాని కనుగుడ్లు గూటిలో బిగించినట్టే ఉంటాయి, అటూ ఇటూ తిరగవు. ఏది చూడాలన్నా తల మొత్తం తిప్పాల్సిందే. మిణుగురు గారి గూబ వ్యాకరణం తప్పకపోయినా శరీరధర్మం తప్పింది.

మిణుగురు:

హహ. "వెక్కిరింప" సరే, సవరించుకుంటాను. గూబ విషయంలో మాత్రం, చూసింది గూబే అయినా చూస్తున్నట్టు అనిపించింది మొద్దు కదా! మొద్దు కన్నెత్తకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు.

నిర్వాహకుడు:

మిణుగురు గారి వాదమే నెగ్గింది. అయితే పాలపిట్ట గారు తెచ్చిన విషయంలో ఇంకో కోణం ఉంది. గూబకు రెండు కళ్ళూ మనకులా ముఖం ముందువైపే ఉంటాయి. అందుకే చీకట్లో అది పిట్టలా కాక మనిషి ముఖంలా తోస్తుంది. రెండు చుక్కలు, కింద ఒక గీత కనిపిస్తే చాలు, మన బుర్ర ముఖం కట్టేస్తుంది. దీన్నే పారీడోలియా అంటారు.

పాలపిట్ట:

నాదీ ఒకటి.

ఏటి యొడ్డున దుంగపై నెక్కబోవఁ
గదలె, మొసలది! పరుగెత్తి గట్టు నెక్కి
తోడు వచ్చిన వాడట తొంగి చూడ
మొద్దు కన్నెత్తి చూచెను, మోడు నవ్వె

నిర్వాహకుడు:

పాలపిట్ట గారూ, మీరు సమస్యను తలకిందులు చేశారు. అందరూ మొద్దును జంతువనుకుంటే మీరు జంతువును మొద్దనుకున్నారు. "మొసలది!" అని మధ్యలో విరవడం బాగుంది, చదువుతుంటే నేనూ ఒక అడుగు వెనక్కి వేశాను. మొసలికి కళ్ళూ, ముక్కు రంధ్రాలూ తల పైభాగాన ఉంటాయి కాబట్టి ఒళ్ళంతా నీళ్ళలో ఉంచి చూపు మాత్రం పైకి పెట్టగలదు. "కన్నెత్తి చూచెను"కి ఇంతకంటే సరైన ప్రాణి లేదు. రాత్రి అయితే ఇంకా కుదిరేది. దాని కంటి వెనుక అద్దంలాంటి పొర ఉంటుంది, టార్చి వెలుగు తగిలితే నిప్పుకణికలా మెరుస్తుంది.

లోపం మూడో పాదంలో ఉంది. తోడు వచ్చినవాడు ఎక్కడున్నాడు? మోడు ఎందుకు నవ్వింది? అన్వయం పాఠకుడి మీద వదిలేశారు. ఇలా మారిస్తే ఎలా ఉంటుందో చూడండి:

మోడు చాటున మిత్రుడు మూతి దాచ

మోడు వెనక నక్కి నవ్వు ఆపుకోలేకపోతున్నవాడు కనిపిస్తాడు. "మో"కు "మూ" యతి చెల్లుతుంది, ఉ ఊ ఒ ఓ లకు మైత్రి ఉంది కదా.

పాలపిట్ట:

మిత్రుడు చాటున ఉండి నవ్వడం నిజంగా జరిగిందే. మొసలి మాత్రం కల్పన. నిజానికి అది దుంగే. పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. మా వాడికి ముందే తెలుసు.

వానచినుకు:

సార్, "నమ్మొద్దు" అని విరవచ్చా? మూడో పాదం చివర "న" వచ్చేలా చేసి, నాలుగో పాదంలో "మ్మొద్దు" కలిపితే? కన్నెత్తి చూసిందన్నా నమ్మొద్దు అని అర్థం వస్తుంది కదా.

నిర్వాహకుడు:

ఆలోచన చిలిపిగా ఉంది, కానీ రెండుచోట్ల కాలు జారుతుంది. ఇచ్చిన పాదం "మొ"తో మొదలైంది, మీరు "మ్మొ" చేశారు, అంటే సమస్యనే మార్చేశారు. రెండోది, తరువాత ద్విత్వం వస్తే ఆ "న" గురువు అయిపోతుంది. సూర్యగణాలు రెండూ లఘువుతోనే ముగుస్తాయి కాబట్టి మూడో పాదం చివర గురువుకు చోటు లేదు. పైగా "నమ్మొద్దు" మాట్లాడేటప్పటి మాట. విరుపు కోసమే అయితే "మొద్దు" అనే మాటకే ఇంకో అర్థం ఉంది, చూడండి.

వానచినుకు:

దొరికింది!

పాఠమున నిద్రపోయిన బాలుడొకడు;
బల్లపై మోడు బొమ్మకు పండ్లు గీసి
గురువు పిలువగ నందఱు గొల్లుమనిరి;
మొద్దు కన్నెత్తి చూచెను, మోడు నవ్వె

నిర్వాహకుడు:

ఇదీ పూరణంటే! మొద్దబ్బాయి నిద్ర లేచాడు, నల్లబల్ల మీది మోడు పళ్ళు బయటపెట్టి నవ్వింది. వింత ఏమీ మిగల్లేదు, కానీ నవ్వు మిగిలింది. మొదటి పాదం చివర క్రియ లేక కొంచెం వేలాడుతోంది. అయినా సన్నివేశం కళ్ళకు కట్టింది కాబట్టి నేను పట్టించుకోను. ఛందస్సు పోలీసులు పట్టించుకుంటే వారిష్టం.

గడ్డిపరక:

పద్యం రాదు గానీ ఒక సంగతి. మోడు నవ్వడం మనదగ్గరే కాదు, అంగారకుడి మీదా జరిగింది. 1976 జూలై 25న వైకింగ్ 1 అనే అంతరిక్షనౌక తీసిన ఫొటోలో సైడోనియా ప్రాంతంలోని ఒక గుట్ట మనిషి మొహంలా కనిపించింది. ఎండ ఏటవాలుగా పడి కళ్ళ దగ్గరా నోటి దగ్గరా నీడలు పడ్డాయి. దానికి తోడు సంకేతంలో తప్పిపోయిన చుక్క ఒకటి నల్లగా, సరిగ్గా ముక్కు రంధ్రం ఉండాల్సిన చోట పడింది! 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే మరో నౌక దగ్గరగా, స్పష్టంగా తీస్తే చదునైన తలతో ఉన్న మామూలు గుట్ట. అయినా ఇప్పటికీ కొందరు పాత ఫొటోనే చూపిస్తుంటారు. మొద్దు కన్నెత్తి చూసిందంటే వినడానికి బాగుంటుంది, మొద్దు మొద్దుగానే ఉందంటే ఎవరు వింటారు?

నిర్వాహకుడు:

గడ్డిపరక గారూ, పద్యం రాదంటూనే సమస్యకు అసలు పూరణ చెప్పేశారు. ముక్కు దగ్గర పడ్డ ఆ తప్పిపోయిన చుక్క మీద పద్యం రాసేవారు ఎవరైనా ఉన్నారా?

మిణుగురు:

చుక్క మీద కాదు గానీ సముద్రం మీద రాశాను. సమస్యకు సంబంధం లేదు, ఛందస్సూ వేరు, ఆటవెలది. 1493 జనవరిలో కొలంబస్ మూడు జలకన్యలను చూశానని దినచర్యలో రాసుకున్నాడు, బొమ్మల్లో వేసినంత అందంగా లేరని కూడా. అవి మానటీలు అయివుంటాయంటారు, నీళ్ళలో గడ్డి మేసే భారీ జంతువులు.

కడలి కన్నె యనుచు గాంచిరి నావికుల్
మీస మున్న మోము మెఱసి మునుగ;
నీట మేయు నావు నెలత యెట్లగునయ్య?
నెలల కొలది యొంటి నీటి చూపు!

నిర్వాహకుడు:

"నెలల కొలది యొంటి నీటి చూపు" నాకు బాగా నచ్చింది. కారణాన్ని కంటికి కాక ఒంటరితనానికి అంటగట్టారు. మీసాలున్న జలకన్య అనేసరికి నవ్వొచ్చింది, తరువాతి పాదంలో జాలేసింది. ఆ జంతువుల వర్గానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సైరేనియా. పాత గ్రీకు కథల్లో నావికులను పాటతో పిలిచే సైరన్ల పేరే. కళ్ళు చేసిన పొరపాటు జీవశాస్త్రంలో అలా ఉండిపోయింది.

పాలపిట్ట:

పొరపాటు పేరులో మిగిలినవి ఇంకా ఉన్నాయి. రాళ్ళలో దొరికే సొరచేప పళ్ళ శిలాజాలను యూరప్‌లో చాలాకాలం పాము నాలుకలు రాయైపోయాయని అనుకునేవారు, వాటిని నాలుకరాళ్ళనే పిలిచేవారు. స్టెనో అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు ఒక సొరచేప తలను కోసి పరిశీలించి, ఆ రాళ్ళు దాని పళ్ళలాగే ఉన్నాయని 1667లో రాశాడు. నాలుక కాస్తా పన్నుగా మారింది. ఇంకాస్త ఆలస్యమైతే నేను దాని మీదా మొసలిని ఎక్కించేవాణ్ణి.

కొత్తకలం:

అందరికీ నమస్కారం. మొదటి ప్రయత్నం. టెన్షన్‌గా ఉంది, తప్పులు మన్నించండి.

రాత్రి పూటను నడచుచు రాగ నేను
దయ్యమని తలచితి నేను దూరముగను;
దగ్గఱకు వెళ్ళి చూడంగ తాటి మొద్దు;
మొద్దు కన్నెత్తి చూచెను, మోడు నవ్వె

నిర్వాహకుడు:

టెన్షన్ ఎందుకండీ, గణాలన్నీ నిలబడ్డాయి. మొదటి ప్రయత్నానికి అది చిన్న విషయం కాదు. మూడు చూసుకోండి. రెండో పాదంలో "ద"కు "దూ" యతి కుదరదు, అ ఊ లకు మైత్రి లేదు. "దవ్వు నందు" అంటే సరిపోతుంది, దూరానికి పాత మాట. "నేను" రెండుసార్లు వచ్చింది, ఒకటి తీసేయండి. అసలైనది మూడోది. దగ్గరకు వెళ్ళి అది తాటి మొద్దే అని తేల్చేశాక, నాలుగో పాదంలో మొద్దు మళ్ళీ కన్నెలా ఎత్తుతుంది? మీరు దీపం ముందే పెట్టేశారు. పాము పోయాక ఇంక బుస ఎక్కడిది? మూడో పాదంలో వెలుగు కాదు, చీకటి కావాలి.

గడ్డిపరక:

నేను ఇంకోటి అడుగుతాను. మూడో పాదంలో చీకటి కావాలంటున్నారు సరే, పూర్తిగా లోపలి భయమే కారణమని చెప్పే పూరణ ఎవరూ వేయలేదేం?

వానచినుకు:

ప్రయత్నిస్తాను.

లోన నున్నట్టి భీతియే లోకమునకు
కన్ను లిచ్చును, కోఱలఁ గట్టబెట్టు;
ఒంటరిగ నేగ నాకు నా యూహ వలన
మొద్దు కన్నెత్తి చూచెను, మోడు నవ్వె

నిర్వాహకుడు:

"కోఱలఁ గట్టబెట్టు" అన్నచోట ఆగి మళ్ళీ చదివాను. భయం ఇచ్చేది కన్నులతో ఆగదు, పిలవకుండానే కోరలూ ఇచ్చేస్తుంది. "లోకమునకు" మీద చిన్న అభ్యంతరం, లోకమంతటికీ కాదు కదా, చుట్టూ ఉన్న వాటికే. కానీ యతి కోసం వచ్చిందని తెలుస్తూనే ఉంది, వదిలేద్దాం. మిగతా పూరణల్లో గూబ, మొసలి, నల్లబల్ల కావలసి వచ్చాయి. ఇందులో మనిషి ఒక్కడే చాలాడు. ఈ వారం నా ఓటు దీనికే, పాఠశాల పద్యానికి సగం మార్కు తక్కువ.

కొత్తకలం:

సవరించాను. మూడో పాదంలో చీకటి పెట్టాను.

రాత్రి దారిని నడచుచు రాగ నేను
దయ్య మని జంకి నిలచితి దవ్వునందు;
మబ్బు చాటున వెన్నెల మసకబాఱ
మొద్దు కన్నెత్తి చూచెను, మోడు నవ్వె

నిర్వాహకుడు:

అదీ! యతులు మూడూ సరిగా పడ్డాయి, మబ్బు పనీ అయింది. అంత దూరాన నిలబడినవారికి మొద్దు కన్ను ఎలా కనబడిందని పాలపిట్ట గారు అడిగేలోపే వచ్చే వారం సమస్య పెట్టేస్తాను. ఆటవెలది, పొగమంచు మీద.