అప్‌డేట్: ప్యానెళ్ల సర్టిఫికెట్ సంగతి తేలింది

బి-ఎస్1,డి0 క్లాస్ (మంట తగిలితే ఎలా ఉంటుందో చెప్పే యూరప్ రేటింగు: బి అంటే మంటను పెద్దగా పెంచదు, ఎస్1 అంటే పొగ తక్కువ, డి0 అంటే మండే చుక్కలు రాలవు) ఉన్న చెక్క ప్యానెళ్లను గోడకు కొట్టిన పట్టీల మీద, వెనక సందు వదిలి బిగించొచ్చా అని ఇంతకు ముందు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే సర్టిఫికెట్ పక్కన పెట్టి, టెస్ట్ రిపోర్టు మొత్తం తెప్పించాను. కొంప మునిగేదే! అసలు విషయం ఏడో పేజీలో, రెండు లైన్లలో ఉంది: ప్యానెల్‌ను జిప్సం బోర్డుకు సందు లేకుండా అతికించి, మూలలో 30 కిలోవాట్ల బర్నర్‌తో పరీక్షించారు. వెనక గాలి ఆడితే మంట అటువైపు నుంచి కూడా పాకొచ్చు. కాబట్టి ఆ క్లాస్ మా బిగింపుకు వర్తించదు. అమ్మినాయన మాత్రం "అదే ప్యానెల్ కదండీ" అంటాడు!

చివరికి పట్టీలు తీసేయించి, జిప్సం బోర్డు మీదే అతికిస్తున్నాం. సీలింగ్ రిపోర్టు ఇంకా రావాలి. అక్కడ మండే చుక్కలు రాలకూడదు, అంటే డి0 తప్పనిసరిగా చూడాలి.