లెస్బియన్, బై, డెమీ… మూడూ నాకే వర్తిస్తున్నట్టున్నాయి. మీరెలా తేల్చుకున్నారు?

కృష్ణాతీరం_27:
ఊరు విజయవాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో. మూడేళ్లుగా నన్ను నేను లెస్బియన్ అనే అనుకుంటున్నాను. కానీ ఇంటర్‌లో ఒక అబ్బాయంటే ఇష్టం ఉండేది, అది అబద్ధమని చెప్పలేను. అంటే ఆడా మగా ఇద్దరి మీదా ఇష్టం కలిగే బై అవుతానా? పైగా మనిషి బాగా అలవాటైతే తప్ప నాకు శారీరకంగా ఏ కోరికా కలగదు, దాన్నే డెమీ అంటారట. నిన్న డేటింగ్ యాప్‌లో వీటిలో నువ్వేంటని అడిగే ఆ ఒక్క గడి దగ్గరే గంట కూర్చున్నాను. ఏది నొక్కినా దొంగ సంతకం పెట్టినట్టుంది. "ముందు నువ్వు తేల్చుకో, తర్వాత అమ్మాయిల్ని వెతుక్కో" అంది మా ఫ్రెండ్. నిజంగా టెన్షన్‌గా ఉంది.

మల్లెపందిరి:
ఇవి ఒకే ప్రశ్నకు మూడు జవాబులు కావమ్మా. లెస్బియన్ అంటే ఎవరి మీద ఇష్టం అన్నది. డెమీ అంటే ఆ ఇష్టంలో కోరిక ఎప్పుడు కలుగుతుందన్నది. రెండూ పక్కపక్కనే ఉండొచ్చు. నేను ఏస్‌ని, అంటే శారీరక కోరిక కలగని మనిషిని, లెస్బియన్‌ని కూడా. 2001లో ఏస్‌ల కోసం ఏవెన్ అనే వెబ్‌సైట్ మొదలయ్యాక కోరికనీ ప్రేమనీ విడదీసి చెప్పుకోవడం మాలాంటివాళ్లకు అలవాటైంది. మన పేపర్లు రాసే "స్వలింగ సంపర్కులు" అన్న మాట చూస్తే నాకు నవ్వొస్తుంది. సంపర్కమే అక్కర్లేని నేను అందులో ఎక్కడ పట్టాలి?

నిప్పుకోడి:
డెమీ వరకు ఓకే. కానీ కొందరు బై, లెస్బియన్ రెండూ కలిపి చెప్పుకునే "బై లెస్బియన్" అనే మాట దగ్గర మాత్రం నాకు అభ్యంతరం ఉంది. లెస్బియన్‌ని అని చెప్పిన ప్రతిసారీ "సరైన మగాడు దొరకలేదేమో" అని వినీ వినీ విసిగిపోయాను. ఆ మాటలో మగవాళ్లకూ చోటుందంటే అలా అనేవాళ్లకి మనమే తలుపు తీసినట్టు. కృష్ణాతీరం, నీ ఇంటర్ అబ్బాయి సంగతి కాంప్‌హెట్ (కంపల్సరీ హెటెరోసెక్సువాలిటీ) అయ్యుండొచ్చు. ఆడపిల్లన్నాక మగవాడినే ఇష్టపడాలని లోకం మప్పితే అదే మన ఇష్టమనుకుంటాం. అమెరికా కవయిత్రి ఏడ్రియన్ రిచ్ 1980లోనే దీని మీద పెద్ద వ్యాసం రాసింది.

మల్లెపందిరి:
అదే వ్యాసంలో ఆవిడ "లెస్బియన్ కంటిన్యువమ్" అని ఆడవాళ్ల మధ్య స్నేహాల్నీ అండనీ కూడా ఆ మాట కిందికి తెచ్చిందిగా! మాట ఎంతమందిని పట్టాలన్న గొడవ మనతో మొదలవలేదు. ఒకప్పుడు అమెరికాలో ఆడవాళ్లని ప్రేమించే బై స్త్రీలు కూడా లెస్బియన్ అనే చెప్పుకునేవాళ్లు. గిరి గీసింది తర్వాతే. ఇంకో మాట, ఆ అమ్మాయి ఇష్టం ఉండేదంటోంది. కాంప్‌హెట్టో కాదో మనం చెప్పకూడదు.

నిప్పుకోడి:
సరే, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా. బై లెస్బియన్ మీద మాత్రం నా మాట మారదు.

వరంగల్_పెద్దక్క:
నాకు 46. మా హాస్టల్ రోజుల్లో ఉన్న మాట ఒక్కటే, "క్లోజ్ ఫ్రెండ్స్". 1998 డిసెంబర్‌లో, ఇద్దరు ఆడవాళ్ల ప్రేమని చూపించిన "ఫైర్" సినిమా మీద దాడులు జరిగాక ఢిల్లీ రీగల్ థియేటర్ బయట ఆడవాళ్లు "ఇండియన్ అండ్ లెస్బియన్" అని అట్ట పట్టుకుని నిలబడ్డారు. ఆ ఫోటో చూసినప్పుడే నాకొక పేరుందని తెలిసింది. అట్ట మీద రెండు మాటలు పక్కపక్కనే పెడితేనే జనానికి మింగుడుపడలేదు, మీరు మూడు పెడుతున్నారు. పెట్టండి! నాకైతే ఒక్కటి చాలింది.

సగం_మీసం:
నేను బుచ్‌ని (మగరాయుడిలా ఉండే లెస్బియన్‌ని), నాన్‌బైనరీని (ఆడా మగా అన్న గిరిలో ఇమడనిదాన్ని). "ఆడదానివి కాకపోతే లెస్బియన్ ఎలా అయ్యావ్" అని అడుగుతారు. 2018లో వచ్చిన నారింజ, గులాబీ చారల లెస్బియన్ జెండాలో ముదురు నారింజ చార మాలాంటివాళ్ల కోసమే. మన తెలుగు దయ కూడా కొంత ఉంది: "వచ్చాను" అంటే నేనెవరో తెలియదు, "తను" అంటే ఎదుటివాళ్లెవరో తెలియదు. మా ఆవిడ గురించి అమ్మతో రెండేళ్లు "తను వచ్చారు, తను తిన్నారు" అంటూ నెట్టుకొచ్చాను. ఆ "రు" విని ఎవరో పెద్ద ఆఫీసర్ సంబంధం అనుకుని అమ్మ కులం కూడా అడిగింది. ఒకరోజు ఫోన్‌లో నోరు జారి "తను పడుకుంది" అన్నాను. అవతల మాట లేదు. కాసేపటికి "జ్వరమా?" అంది.

వరంగల్_పెద్దక్క:
అయ్యో తల్లీ. ఆ తర్వాత?

సగం_మీసం:
మిరియాల కషాయం ఎలా పెట్టాలో చెప్పింది అక్కా. పేరు మాత్రం ఇప్పటికీ అడగలేదు.

కృష్ణాతీరం_27:
అందరికీ థాంక్స్. లెస్బియన్, డెమీ రెండూ పెట్టాను. బై పెట్టలేదు, నిప్పుకోడికి భయపడి కాదు, ఇప్పుడు నాకు అబ్బాయిల మీద ధ్యాస లేదు కాబట్టి. యాప్‌లో ఒకమ్మాయి పరిచయమైంది, ఇంటర్ సంగతి మొదటి చాట్‌లోనే చెప్పేశాను. "నాకూ ఒకడుండేవాడు, ట్యూషన్ మాస్టారి కొడుకు" అంది తను. ఆదివారం ట్యాంక్‌బండ్ దగ్గర కలుస్తున్నాం. ఏం కట్టుకోవాలో చెప్పండి, దానికి వేరే చర్చ పెట్టనా?