బంగారు నానోకణం: రోగాన్ని పట్టేదీ, గడ్డను కాల్చేదీ ఒకటే కావాలా?

కాంతిరేఖ:
క్యాన్సర్ గడ్డను కనిపెట్టడం, దాన్ని వేడితో చంపడం రెండూ ఒకే బంగారు నానోకణంతో జరగాలని చాలామంది ఆశపడుతున్నారు. రెండు పనులూ విడదీయాలని నా వాదన. గుండ్రటి బంగారు రేణువు వ్యాసార్థం పెరిగేకొద్దీ కాంతిని పీల్చుకునే శక్తి దాని ఘనం లెక్కన పెరుగుతుంది, వెదజల్లే శక్తి ఆరో ఘాతం లెక్కన పెరుగుతుంది. 20 నానోమీటర్ల రేణువు దాదాపు పీల్చడమే చేస్తుంది. 80కి వచ్చేసరికి వెదజల్లడం బాగా ఎక్కువ. డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపులో (వెదజల్లిన కాంతినే చూపేది) మెరవాలంటే పెద్దది కావాలి, కాంతి వేడిగా మారాలంటే చిన్నది మేలు.

మనుషుల దాకా వచ్చిన ఉదాహరణే చూడండి. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో నయోమీ హాలస్, జెనిఫర్ వెస్ట్ రూపొందించిన నానోషెల్: దాదాపు 120 నానోమీటర్ల సిలికా గోళం, దాని మీద 15 నానోమీటర్ల బంగారు పొర. 2019లో వెలువడిన ప్రోస్టేట్ అధ్యయనంలో ఆ షెల్స్‌ను నరంలోకి ఎక్కించి, మర్నాడు గడ్డలోకి కాంతిని మోసే సన్నని ఫైబర్ దింపి 810 నానోమీటర్ల లేజర్ ఇచ్చారు. 16 మందిలో 15 మందికి చికిత్స పూర్తయింది. గడ్డ ఎక్కడుందో చూపింది మాత్రం ఎమ్మారై, అల్ట్రాసౌండ్.

సెల్‌కల్చర్:
కాంతిరేఖ గారూ, ఆ ఉదాహరణ మీ వాదనకే అడ్డొస్తుంది. గడ్డను ఎమ్మారై చూపింది, సరే. షెల్స్ అందులోకి ఎంత చేరాయో ఎవరు చూపాలి? టొరంటోలో వారెన్ చాన్ బృందం పదేళ్ల పరిశోధన పత్రాలు జల్లెడపట్టి 2016లో చెప్పిన మధ్యస్థ విలువ: ఎక్కించిన మోతాదులో గడ్డకు చేరేది 0.7 శాతం. మిగిలినదాంట్లో పెద్ద వాటా కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. చేరిన మోతాదు తెలియకుండా లేజర్ పవర్ పెట్టడమంటే గుడ్డిగా కాల్చడమే.

ఫోటోఅకౌస్టిక్ ఇమేజింగ్‌కు వెదజల్లడంతో పనే లేదు. నానోసెకను పల్స్ పడితే రేణువు వేడెక్కి వ్యాకోచించి శబ్దం పుట్టిస్తుంది, దాన్ని అల్ట్రాసౌండ్ ప్రోబ్ వింటుంది. పనిచేసేది పీల్చుకునే గుణమే, చికిత్సకూ అదే. పొడవు వెడల్పుకు నాలుగు రెట్లున్న బంగారు రాడ్లు తీసుకుంటే కాంతిని పీల్చే శిఖరం 800 నానోమీటర్ల దగ్గరికి వస్తుంది. హిమోగ్లోబిన్, నీరు రెండూ తక్కువగా అడ్డుపడే చోటది.

కాంతిరేఖ:
ఆ పల్స్‌కే రాడ్లు కరిగి గోళాలైపోతాయి గదా. 800 దగ్గరి శిఖరం పడిపోయి 520 దగ్గర లేస్తుంది. చూడటానికే మందును ఖర్చుపెట్టినట్టు.

సెల్‌కల్చర్:
సిలికా పూత వేస్తే ఆకారం ఎక్కువసేపు నిలుస్తుంది. పల్స్ శక్తి కూడా చర్మానికి అనుమతించిన పరిమితిలో, 800 దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు 30 మిల్లీజౌళ్లు దాటకుండా ఉంచాలి. స్కాన్‌కు ముందూ తర్వాతా స్పెక్ట్రమ్ (ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంత పీలుస్తుందో చూపే గీత) తీస్తే తేడా తెలిసిపోతుంది.

లేజర్‌మీటర్:
ఇద్దరూ పవర్ సంగతి దాటేస్తున్నారు. 808 నానోమీటర్ల నిరంతర లేజర్‌కు చర్మం మీద పరిమితి చదరపు సెంటీమీటరుకు 0.33 వాట్ల దగ్గర ఉంటుంది. ఎలుకల పత్రాలు చాలావాటిలో 1 నుంచి 2 వాట్లు వాడతారు. పైగా ఆ గడ్డ చర్మం కిందే, కొద్ది మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. ఫైబర్ లోపలికి దింపకుండా ఆ ఫలితాన్ని మనిషికి అంటగట్టొద్దు.

సెల్స్ మీద ప్రయోగాల్లోనూ కొన్ని పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. లేజర్ మాత్రమే, రాడ్లు మాత్రమే, రెండూ, ఏదీ లేనిది: నాలుగు గుంపులూ ఉండాల్సిందే. వేడి కొలిచే థర్మోకపుల్ కొన కిరణంలో ఉంటే అదే వేడెక్కి తప్పు అంకె ఇస్తుంది, పక్కకు జరపండి. ఎమ్‌టీటీ (బతికున్న సెల్స్‌ను రంగుతో లెక్కించే) పరీక్షను 570 నానోమీటర్ల దగ్గర చదువుతారు, అక్కడ బంగారం కూడా కాంతిని పీలుస్తుంది. సెల్స్ చచ్చినా బతికున్నట్టు అంకె వస్తుంది. కడిగి, రాడ్లు మాత్రమే ఉన్న బ్లాంక్ అంకెను వచ్చిన అంకెలోంచి తీసివేయాలి.

అన్నిటికన్నా మోసం చేసేది సీటీఏబీ అనే సబ్బులాంటి రసాయనం. రాడ్లు పెరగడానికి అదే కావాలి, సెల్స్‌ను చంపేదీ అదే. సరిగ్గా కడగకపోతే లేజర్ లేకుండానే సెల్స్ పోతాయి. కాపాడే పూత పెగ్-థయోల్ ఎక్కకముందే ఎక్కువ కడిగితే రాడ్లు గుంపుకట్టి ద్రావణం బూడిదరంగుకు తిరుగుతుంది. ఒకసారి సెంట్రిఫ్యూజ్ చేసి, పెగ్-థయోల్ కలిపి రాత్రంతా ఉంచి, అప్పుడు మళ్లీ కడగండి.

కాంతిరేఖ:
చేరాయో లేదో చూసుకోవడానికి ఫోటోఅకౌస్టిక్ వాడటం సబబే, ఒప్పుకుంటున్నాను. రోగనిర్ధారణకు మాత్రం ఒప్పుకోను. అనుమానంతో వచ్చినవాళ్లలో చాలామందికి క్యాన్సర్ ఉండదు. అలాంటివాళ్ల కాలేయంలో నెలల తరబడి బంగారం వదిలేయడానికి మనకేం హక్కుంది? గడ్డ ఉందని బయాప్సీలో తేలినవాళ్ల లెక్క వేరు.

సెల్‌కల్చర్:
అందుకే కరిగిపోయే రకాల మీద పనిచేయాలి. 2015లో ఐఐటీ బాంబే బృందం లైపోసోమ్ (కొవ్వు పొర బుడగ) మీద బంగారం పూసి ఎలుకల్లో ఈ దారి చూపింది. అందులో ఉన్న అరవింద్ కుమార్ రెంగన్ తర్వాత ఐఐటీ హైదరాబాద్‌కు వచ్చారు. పెద్ద కణం వేడి పుట్టిస్తుంది, విడిపోయిన తునకలు మూత్రపిండాల గుండా పోవాలి. దానికి తునక దాదాపు 6 నానోమీటర్ల లోపు ఉండాలి, ప్రోటీన్లు అంటుకున్నాక కూడా. కాబట్టి నీళ్లలో కొలిచిన సైజు చూపిస్తే చాలదు, రక్తపు సీరంలో కొలిచినదీ మూత్రంలో తేలిన బంగారం లెక్కా పక్కపక్కన పెట్టమని అడగాలి.