సెప్టిక్ ట్యాంకు ఉండగా భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ అవసరమా?

కాలవగట్టు కోడలు:
నెల్లూరులో సర్వేపల్లి కాలవ దగ్గర ఉంటాం. మా సెప్టిక్ ట్యాంకు నీళ్లు వీధి సైడు కాలవలోకి, అక్కణ్ణించి పెద్ద కాలవలోకి పోతాయి. ఇప్పుడు భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ తీసుకోమంటున్నారు. మా మామయ్య మాత్రం "ముప్పై ఏళ్లు గడిచింది గదా, ఇప్పుడెందుకు గచ్చు పగలగొట్టడం" అంటున్నారు. ఆ మురుగు చేరే శుద్ధి ప్లాంటులో నీళ్లు నిజంగా బాగుపడతాయా? లేక మన మురుగు ఇంకోచోట పారబోయడమేనా?

చివరాయకట్టు రైతు:
తీసుకోమ్మా. మీరు వదిలిన నీళ్లలోనే మేం నారు పీకాలి. సాయంత్రానికి మోకాళ్ల దాకా దురదలు.

షిఫ్టు ఆపరేటర్, కావలి:
అక్కా, నేను ఆరేళ్లుగా ఒక మురుగు శుద్ధి ప్లాంటులో పనిచేస్తున్నా. సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుక్కి దిగుతుంది, అంతే. పైన తేరిన నీళ్లలో సగానికి పైగా మురికి అలాగే ఉంటుంది. దాన్ని ఇంకుడు గుంతలోకి వదలాలి, కాలవలోకి కాదు.

మన జిల్లాలో రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) తిరగడం చూసే ఉంటారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. మురుగు కలిసిన కాలవకి పట్టేదీ అదే గతి. మురికిని తినే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజనంతా లాగేస్తాయి, చేపకి మిగలదు. ఆ తినే పనిని కాలవలో కాకుండా తొట్టిలో చేయించడమే ప్లాంటు. అడుగునుంచి గాలి కొడతాం, జీవులు మురికి తిని బరువెక్కుతాయి. గాలి ఆపితే కిందికి దిగుతాయి. పైన తేటనీళ్లు తీసి క్లోరిన్ వేసి వదులుతాం.

రోజూ పొద్దున్నే లీటరు గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి అరగంట కదలకుండా పెడతా. చాక్లెట్ రంగు మడ్డి 300 మిల్లీలీటర్ల గీత దగ్గరికి దిగి, పైన నీళ్లు తేటగా ఉంటే ఆ రోజు నాకు నిశ్చింత. మంచి తొట్టికి తడిమట్టి వాసన వస్తుంది, కంపు కొట్టదు.

మురికిని బీఓడీ అనే లెక్కతో కొలుస్తారు, అంటే ఆ మురికిని తినడానికి జీవులకి ఎంత ఆక్సిజన్ కావాలో. ఇళ్ల మురుగులో లీటరుకి 200 మిల్లీగ్రాములకి అటూఇటూ ఉంటుంది. 2017 కేంద్ర నిబంధన ప్రకారం మన లాంటి ఊళ్లలో శుద్ధి చేసి వదిలే నీళ్లలో అది 30 దాటకూడదు. 2019లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 10కి దించమంది. బాగా నడిచే ప్లాంటుకి అది సాధ్యమే. నడపకుండా వదిలేస్తే మాత్రం మీరన్నట్టు పారబోయడమే అవుతుంది. కరెంటు పోయినప్పుడు జనరేటర్‌కి డీజిల్ లేకపోతే కొన్ని గంటల్లోనే జీవులు నీరసిస్తాయి.

ఒకసారి రాత్రిపూట ఎవరో ట్యాంకరు తెచ్చి మ్యాన్‌హోల్‌లో ఏదో రసాయనం వదిలారు. తెల్లారేసరికి తొట్టి మీద తెల్లటి నురుగు, గొట్టంలో మడ్డి దిగనేలేదు. జీవులన్నీ చచ్చాయి. ఇంకో ప్లాంటు నుంచి మడ్డి తెచ్చి, పేడ కలిపి పోసి, మళ్లీ పెంచేసరికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ నీళ్లు సరిగ్గా శుద్ధి కాకుండానే కిందికి పోయాయి. కింద ఈ రైతన్న లాంటి వాళ్లుంటారని తెలిసి నిద్ర పట్టలేదు.

కాలవగట్టు కోడలు:
మరి ఇంట్లో మేమేం చూసుకోవాలి తమ్ముడూ?

షిఫ్టు ఆపరేటర్, కావలి:
వాడిన నూనె సింకులో పోయొద్దక్కా, పైపులో గడ్డకడుతుంది. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, గుడ్డపేలికలు బాత్రూములో వేయొద్దు. పొద్దున ప్లాంటులో జల్లెడ దగ్గర దంతెతో లాగేవన్నీ అవే, పంపులో చుట్టుకుంటే మనిషి దిగి తీయాలి. వాననీళ్ల పైపు మాత్రం ఈ కనెక్షన్‌కి కలపొద్దు. వాన పడ్డప్పుడు ప్లాంటు పట్టలేక జీవులు కూడా కొట్టుకుపోతాయి.

కాలవగట్టు కోడలు:
మామయ్యకి చదివి వినిపించా. గచ్చు సంగతి తర్వాత, ముందు ఆ గాజు గొట్టం చూడాలంటున్నారు. రానిస్తారా?

షిఫ్టు ఆపరేటర్, కావలి:
మా ఇంజనీరు సార్‌ని అడిగి చెప్తానక్కా. వస్తే పొద్దున ఏడింటికల్లా రండి, అప్పుడే పడతాం.